ముత్యాలు తెచ్చిన కుందేలు

మొగుడు ముత్యాలు పోయాక జంపక్కకు ఏడుపు రాలేదు. దినం నాడు చుట్టాలు మీద పడి ఏడిస్తే వాళ్ళ వీపులు నిమిరి, లోపలికి పోయి పొయ్యి చూసుకుంది. ఇప్పుడూ అంతే. పొద్దున లేస్తుంది, వాకిలి ఊడుస్తుంది, అన్నం వండుతుంది. కూరలో ఉప్పు వేసిందో లేదో తినేటప్పుడు కూడా తెలియడం లేదు.

పినపాక అవతల అడవి అంచున ఉన్న ఆ గూడేనికి, రోగం ఎక్కడిదో వెతకడానికి జీపులో సర్కారు మనుషులు వచ్చారు. పోయే ముందు ముత్యాలుకు వేలి మీద పుండు, చంకలో నిమ్మకాయంత గడ్డ, ఎంతకీ దిగని జ్వరం. దవాఖానాలో తీసిన రక్తంలో కుందేళ్ళకూ ఎలుకలకూ వచ్చే రోగమేదో కనిపించిందట. వచ్చినవాళ్ళలో జ్యోత్స్న పశువుల డాక్టరు. జూలూరుపాడు దగ్గరి తండాలో పుట్టిన పిల్ల. కుర్చీ వేస్తే వద్దని అరుగు మీద కూర్చుంది.

"మేం ఫారెస్టోళ్ళం కాదు పెద్దమ్మా. వేట కేసు గిట్ల ఏం పెట్టం. మీ ఆయన పండుగకు తెచ్చిన కుందేలు ఏడ దొరికిందో చెప్తే చాలు. ఈ రోగం పిడుదుల్ల ఉంటది, చచ్చిన జీవాలల్ల ఉంటది, నీళ్ళల్ల గూడ ఉంటది. జాగ తెలిస్తే అక్కడికెల్లి ఎటు పాకిందో చూస్తం."

జంపక్క నోరు తెరవక ముందే ముత్యాలు అన్న పగిడయ్య అందుకున్నాడు. గూడేనికి పెద్ద ఆయనే.

"తూర్పు గుట్ట మీద. ఉరికేదాన్ని ఒక్క బాణంతోటి కొట్టిండు నా తమ్ముడు."

జంపక్క నేల చూసింది.

మర్నాటి నుంచి వాళ్ళు గుట్ట మీద తెల్లగుడ్డ పరిచి గడ్డిలో ఈడ్చారు. గుడ్డకు పట్టుకున్న పిడుదుల్ని చిమటాలతో తీసి సీసాల్లో వేసుకున్నారు. ఎలుకలకు బోన్లు పెట్టారు. దేంట్లోనూ ఏమీ బయటపడలేదు.

విత్తనాలు చల్లే ముందు వచ్చే భూమి పండుగకు మగవాళ్ళు వేటకు పోతారు. ఉత్త చేతులతో వచ్చినవాణ్ణి ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఆటపట్టిస్తారు. ముందటేడు ముత్యాలుకు ఏమీ దొరకలేదు. జంపక్క చెల్లెలు దుర్గ చెంబు పట్టుకుని ఎదురుపోయింది. "బావా, రేపటి సంది నువ్వు నీళ్ళకు పో, మేం వేటకు పోతం" అంది. అందరూ నవ్వారు. ముత్యాలూ నవ్వాడు. కానీ ఆ మాట ఏడాది పొడుగునా ఆయనలో ఉండిపోయింది.

ఈసారి కుందేలు తెచ్చాడు. వేరే ఎవరికీ ఏమీ పడలేదు. పగిడయ్య తమ్ముడి నొసట పసుపు పెట్టాడు. మాంసం తలా రెండు ముక్కలు ఇంటింటికీ పోయింది.

తోలు ఒలుస్తూ వేలు తెగినప్పుడు ముత్యాలు పెళ్ళానికి ఒక్కదానికే చెప్పాడు. "చెలమ పక్కన పడుంది. దగ్గరికి పోతే గూడ లేవలే. నా ముందటనే పానం ఇడిచింది. అయినంక బాణం గుచ్చిన. ఎవ్వరికి చెప్పకు."

"చెప్పనులే" అంది ఆమె.

వాగు ఇసుకలో తవ్వుకున్న ఆ ఊటగుంటే గూడేనికంతా తాగునీరు. చెప్తే ముత్యాలు చచ్చినదాన్ని మోసుకొచ్చి ఇంటింటికీ పంచినవాడవుతాడు. మనిషి ఎలాగూ లేడు. మిగిలింది ఆ పేరొక్కటే. జంపక్క ఇవన్నీ వేరే ఎవరి సంగతో అన్నట్టు ఆలోచించి పక్కన పెట్టేది. మళ్ళీ బిందె తీసుకుని ఆ చెలమకే పోయేది.

ఒకనాడు నీళ్ళు ముంచుతూ దుర్గ అంది.

"అక్కా, ఎలుకలకేం రోగమొచ్చిందే? నిన్నొకటి గీ ఒడ్డునే చచ్చింది. తోక పట్టి అవతల పారేసిన."

"చేతితోనా?"

"మరి కాలితోనా?" అని నవ్వి, అవే చేతులతో దోసిలి పట్టి తాగబోయింది.

జంపక్క ఆమె మణికట్టు పట్టుకుంది. బిందె అక్కడే వదిలేసి, చెల్లెల్ని అలాగే లాక్కుంటూ జీపు దగ్గరికి వచ్చింది. పగిడయ్యా, నలుగురు మగవాళ్ళూ అక్కడే ఉన్నారు.

"గుట్ట మీద కాదు డాక్టరమ్మా. చెలమ కాడ దొరికింది. రోగంతోటి చచ్చినంక బాణం గుచ్చిండు."

"ఏందే నువ్వనేది?" అన్నాడు పగిడయ్య.

"అవ్ బావా. నాకు చెప్పిండు."

"అదే మాకు పంచిండా?"

"పంచిండు. నేను గూడ తిన్న."

బాగా ఉడికిన మాంసంతో భయం లేదనీ, పచ్చిగా ఉన్నప్పుడు కోయడంలోనే ప్రమాదమనీ జ్యోత్స్న చెప్పింది. సబ్బుతో దుర్గ చేతులు కడిగించి వేళ్ళ సందులు చూసింది. "జరంత జ్వరమొచ్చినా జల్దీ దవాఖానాకు రా. సూదిమందు ఉంది, తగ్గుతది."

"ముందే తెలిస్తే ఆయనకు గూడ తగ్గేదా?" అని అడిగింది జంపక్క.

"తగ్గేదేమో పెద్దమ్మా."

జంపక్క తల ఊపింది. ఏడుపు ఇప్పుడైనా వస్తుందేమో అని చూసింది. రాలేదు.

అందరూ చెలమకు నడిచారు. తొడుగులు వేసుకున్నవాళ్ళు నీళ్ళు సీసాల్లోకి పట్టారు, ఎలుకను వెతికి సంచిలో వేశారు, బురద కూడా తీసుకున్నారు. ఫలితం వచ్చేదాకా ఇక్కడ ఎవరూ ముంచొద్దన్నారు. ఆడవాళ్ళు బిందెలు ఒంపేసి రోడ్డు మీది బోరుకు బయలుదేరారు. దుర్గ అక్క వైపు ఒకసారి చూసి వాళ్ళ వెంట నడిచింది.

జీపువాళ్ళూ మిగతా మగవాళ్ళూ వెళ్ళాక పగిడయ్య గొడ్డలి తెచ్చి రేగుకంప కొట్టసాగాడు, చెలమ చుట్టూ అడ్డం వేయడానికి. మరదలి ముఖం చూడలేదు. ఒక పెద్ద కంప ఆయన ఒక్కడికి లొంగలేదు.

"అటు పట్టు" అన్నాడు, ఇసుక చూస్తూ.

అక్కడ జంపక్క తప్ప ఇంకెవరూ లేరు. ఆమె వంగి పట్టింది.