నలభై గళ్ళ వరుస

బస్టాండులో మైకు ముందు కూర్చునే అత్తగారికి కళ్ళు కనిపించవు గానీ, గొంతు మాత్రం బ్రహ్మాండం. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చుక్కల కాగితం మీద వేలు నడిపిస్తూ ఆవిడ చదివితే, కునికిపాట్లు పడుతున్న ప్రయాణికుడు కూడా సంచీ సర్దుకుని లేచేవాడు. ఆ కాగితాన్ని ఆవిడే స్వయంగా బ్రెయిలీ లిపిలో పొడుచుకునేది. వేళలు ఏ ఏడాదికో మారే కాలంలో అది చెల్లింది. ఇప్పుడు కంప్యూటరు రోజూ పొద్దున్నే బస్సులను ఇటువి అటు, అటువి ఇటు చేస్తోంది. అందుకని మేనేజరు, రికార్డు చేసిన గొంతు వినిపించే యంత్రం తెప్పిద్దామనుకున్నాడు. మనిషి మంచివాడే, మొహమాటస్తుడు కూడా. సంతకం పెట్టే ముందు ఆవిడ కోడలిని పిలిచి, "సోమవారం దాకా ఆగుతానమ్మా. ఏ రోజు జాబితా ఆ రోజు ఆవిడ చదవగలిగేలా ఇవ్వగలవా?" అని అడిగాడు.

కోడలు అదే భవనం మేడమీద, కంప్యూటర్ సెక్షన్‌లో రిపోర్టులు తయారుచేస్తుంది. "అదెంత పని సార్" అనేసింది. నోరు జారడం అత్తాకోడళ్ళిద్దరికీ ఉన్న జబ్బే.

చెప్పుకోవడానికి పని చిన్నదే. డేటాబేస్‌లో ఉన్న బస్సుల వివరాలను రిపోర్టు టూల్‌తో టెక్స్ట్ ఫైలుగా బయటికి తీయాలి. చుక్కలు పొడిచే ప్రింటరుకు వరుసకు నలభై గళ్ళే పడతాయి, గడికో అక్షరం. బస్సుకు పది, ఊరికి పద్దెనిమిది, వేళకు ఎనిమిది, ప్లాట్‌ఫారానికి నాలుగు. పేరు పొట్టిదైతే మిగతా గళ్ళను ఖాళీలతో నింపాలి, పొడుగుదైతే మొహమాటం లేకుండా కోసేయాలి. అప్పుడే వేలు పైనుంచి కిందికి జారితే వేళలన్నీ ఒకదాని కింద ఒకటి తగులుతాయి.

తెర మీద వరుసలు దారం పట్టి కట్టినట్టు వచ్చాయి. కోడలు మురిసిపోయి, ప్రింటు తీసి, శనివారం సాయంత్రం ఇంటికి పట్టుకెళ్ళింది. అత్తగారు కాగితం ఒళ్ళో పరుచుకుంది. వేలు కిందికి జారింది, ఆగింది, పక్కకు పోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఏమ్మాయ్, ఈ బస్సుకు ప్లాట్‌ఫారమే లేదేంటి? రోడ్డు మీదే ఎక్కించుకుంటారా?"

"ఉంటుంది అత్తయ్యా, చివర చూడండి."

"చివర సగమే ఉంది. మిగతా సగం కింది వరుసలో తగులుతోంది. అది ఈ బస్సుదో, కింది బస్సుదో ఎలా తెలియాలి?"

ప్లాట్‌ఫారం నంబరు తప్పు చదివితే, ఒక బస్సు ఎక్కాల్సిన జనాన్ని ఇంకో బస్సు దగ్గరికి తోలినట్టే. కోడలు ల్యాప్‌టాప్ తెరిచి లెక్కపెట్టింది. నలభైకి నలభై ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టింది, మళ్ళీ అంతే. తల బొప్పికట్టి, ఆ విసుగులో నోరు జారింది.

"పోనీ అత్తయ్యా, ఇన్నేళ్ళు చేశారు కదా. ఇక హాయిగా ఇంటి పట్టున ఉండకూడదూ?"

అత్తగారు కాగితం మీంచి వేలు తీసేసింది.

"ఇంట్లో అందరూ నన్ను చెయ్యి పట్టుకుని నడిపిస్తారమ్మా" అంది. "అక్కడ నేను చెబితే జనం నడుస్తారు. అది పోతుందేమోనని భయంగా ఉంది."

కోడలికి సిగ్గేసింది. ల్యాప్‌టాప్ మూసేసి, వెళ్ళి పక్కనే కూర్చుంది. "నా కంటికి అన్నీ బాగానే ఉన్నాయి. మీ వేలికి ఎలా తగులుతోందో చూపించండి" అని కళ్ళు మూసుకుని చెయ్యి చాపింది. అత్తగారు ఆ వేలు పట్టుకుని వరుస వెంట నడిపించింది. మొదట అన్నీ ఒక్కలాగే గరుగ్గా అనిపించాయి. కొంతసేపటికి ఒక గుర్తు పదేపదే తగలసాగింది.

"ఇదేంటి అత్తయ్యా, ప్రతి నంబరు ముందూ వస్తోంది?"

"అంకె గుర్తు. మా లిపిలో అంకెలకు వేరే చుక్కల్లేవు, అక్షరాలవే వాడుకుంటాం. ముందు ఆ గుర్తుంటేనే అది అంకె."

"నేనది పెట్టలేదే."

"నువ్వు పెట్టకపోతే ప్రింటరు పెట్టి ఉంటుంది. దానికైనా చదువొచ్చినట్టుంది."

కోడలు కళ్ళు తెరిచింది. ఫైల్లో లేని గుర్తును ప్రింటరు తనంతట తాను చేరుస్తోంది, ఒక్కో గుర్తూ ఒక గడి మింగుతోంది. పేరుతో నడిచే బస్సుల వరుసలు చివరనున్న ఖాళీల్లో ఎలాగో సర్దుకుంటున్నాయి. నంబరుతో నడిచే బస్సులకు ఆ నంబరు ముందు కూడా ఇంకో గుర్తు చేరి, చివరనున్న ప్లాట్‌ఫారం చోటు చాలక కింద పడుతోంది. అంతసేపూ తను లెక్కపెట్టింది ఫైల్లోని గళ్ళను, కాగితం మీది గళ్ళను కాదు.

ఆదివారం ఆఫీసు తలుపు తీయించి, రిపోర్టు టూల్‌లో లెక్క మార్చింది. నంబరు ఉన్న చోటల్లా వెనక నింపే ఖాళీల్లో ఒకటి తగ్గించమంది. ఈసారి తెర మీద వరుసలు తాగి తూలుతున్నట్టు వచ్చాయి. చూడ్డానికి అసహ్యంగా ఉన్నా కోడలు వాటిని ముట్టుకోలేదు.

సోమవారం పొద్దున అప్పుడే పొడిచిన కాగితం తీసుకుని మెట్లు దిగింది. మైకు గది గుమ్మంలో మేనేజరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అత్తగారు కాగితం అందుకుని వేలు పైనుంచి కిందికి జార్చింది. వేలు ఎక్కడా ఆగలేదు. పక్కకూ పోలేదు.

"ప్రయాణికులకు మనవి. పద్నాలుగో నంబరు బస్సు ఈరోజు మూడో ప్లాట్‌ఫారం మీదికి రాదు. పదకొండో ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది."

మూడో ప్లాట్‌ఫారం దగ్గర బారులు తీరి కూర్చున్న జనం ఒక్కసారిగా లేచారు. పెట్టెలు ఎత్తుకున్నారు, పిల్లల్ని చంకనేసుకున్నారు, అందరూ ఒకే వైపు నడిచారు. వాళ్ళు వెళ్ళి నిలబడ్డ కాసేపటికి పద్నాలుగో నంబరు బస్సు మలుపు తిరిగి, పదకొండో ప్లాట్‌ఫారం దగ్గరే ఆగింది. మేనేజరు గొంతు సవరించుకుని, "యంత్రం వద్దని చెప్పేస్తానండీ" అని వెళ్ళిపోయాడు.

కోడలికి కళ్ళు చెమర్చాయి. అత్తగారు మైకు మీట నొక్కి ఆపి, అటు తిరగకుండానే అడిగింది.

"రేపటిది ఎన్నింటికి పంపుతావమ్మాయ్?"