సోంపు రొట్టె కేసు

వారం వారం బతూల్ పాత కాగితాలు పైకి చదువుతుంటే వినడానికి వచ్చేది ఒక పిల్లి. అదీ చివరిదాకా ఉండేది కాదు.

ఆమె చదివేది అజెమ్మూర్ ఊళ్ళో, కోట లోపల, నది వైపు వీధిలో ఉన్న మహిళా సంఘం గదిలో. కాలేజీలో చరిత్ర చదివి, ఆ చదువుతో ఇన్నాళ్ళూ పప్పులో రాళ్ళేరిన బతూల్, మన వీధి సంగతులు మనకి తెలియొద్దా అని, రెండు శతాబ్దాల కిందటి ఖాజీ తీర్పుల నకళ్ళు సంపాదించింది. సంఘం కార్యదర్శి నజాత్ ఆమెని తలుపు దగ్గరే ఆపేసింది.

"ఏమీ అనుకోకు బతూల్. ఈ గురువారం కూడా మనుషులు రాకపోతే గది జవాద్ మాస్టారి కరాటేకి ఇచ్చేస్తాం."

"చరిత్ర కూడా కాళ్ళూ చేతులూ ఆడించాలా ఏమిటే?"

"నీ చరిత్రంతా పొలాల గట్లే కదమ్మా! నిద్రపట్టని వాళ్ళకి మందు."

బతూల్ గట్లన్నీ పక్కన పెట్టి రొట్టె కేసు తీసింది. ఇంట్లో చేసిన పిండిరొట్టెలు పలకల మీద పెట్టుకుని, కాల్పించుకోడానికి ఆడవాళ్ళు వంతు కోసం నిలబడే రొట్టెల బట్టీ దగ్గరికెళ్ళి, "ఈ బట్టీలోనే పూర్వం ఒకావిడ రొట్టె మాయమైంది. గురువారం చదువుతాను" అని మాత్రం అంది.

గది నిండిపోయింది. బట్టీ యజమాని బూఅజ్జా ముందు వరసలో కూర్చున్నాడు, తన ముత్తాతల పేరు వినబోతున్నానన్న ముచ్చటతో.

బతూల్ గొంతు సవరించుకుంది. "మా సన్నిధికి తాహ్రా అను స్త్రీ వచ్చి విన్నవించినది ఏమనగా: తాను సోంపు కలిపి చేసిన రొట్టెను కాల్పించుటకు పంపగా, బట్టీవాడగు హమ్మూ దానిని తాను భుజించి, బదులు బార్లీ రొట్టె పంపెను. హమ్మూ పలికినది ఏమనగా: కడుపులోకి పోయినచో అన్నియు ఒకటే. కావున తాహ్రాకు గాని, ఆమె వారసులకు గాని ఆ బట్టీలో కాలిన సోంపు రొట్టె ముట్టువరకు అందు నిప్పు రాజేయరాదు. విన్నవారు సాక్షులు."

ఆ వీధిలో ఒక అలవాటుంది. పెళ్ళి ఒప్పందమైనా, ఇల్లమ్మకమైనా, కాగితం చదివి ఆ చివరి మాట అనగానే అందరూ చేయెత్తి "సాక్షులం" అంటారు. అన్నాక వెనక్కి తీసుకునేది లేదు. ఇప్పుడూ అలాగే చేతులు లేచాయి. బూఅజ్జా అందరికన్నా గట్టిగా అన్నాడు.

"ఇంతకీ రొట్టె ఇచ్చాడా?" అంది పక్కింటి ముసలావిడ రహ్మా.

బతూల్ కాగితం తిప్పి చూసింది. "ఇచ్చినట్టు ఎక్కడా లేదు పిన్నీ."

"అయితే బట్టీ ఆర్పాలి. సాక్ష్యం చెప్పాంగా!"

బూఅజ్జా లేచి నిలబడ్డాడు. "ఎప్పుడో మా తాతల తాత తిన్నదానికి నా బట్టీ ఆర్పుతారా?"

"తిన్నాడని ఒప్పుకున్నావు చూశావా! మొన్న నా పలక మీద కూడా ఒకటి తగ్గింది. మీ ఇంట్లో రక్తంలోనే ఉంది."

"పిన్నీ, అది అయిపోయిన సంగతి!" అంది బతూల్.

"అయిపోతే ఇప్పుడెందుకు చదివావే?"

నిప్పు ఆరిపోయింది. శుక్రవారం, బట్టీతో పనిలేకుండా ఆవిరి మీద ఉడికే గోధుమరవ్వ కుస్కుస్‌తో గడిచింది. శనివారం రొట్టె లేక కూరగిన్నె ముందు మగవాళ్ళు దిక్కులు చూశారు. బూఅజ్జా సోంపు పిండి పట్టుకుని బతూల్ గుమ్మంలో నిలబడ్డాడు. "బతూల్ లల్లా, రొట్టె ఇస్తే గానీ నిప్పు పెట్టనివ్వరు. నిప్పు పెడితే గానీ రొట్టె రాదు. నన్నేం చేయమంటావు?"

వెనకే నజాత్. "వీధంతా పస్తు పెట్టావు. జవాద్ మాస్టారికి తాళం ఇచ్చేస్తున్నా."

"ఒక్క కాగితం చదవనీ. తర్వాత నీ ఇష్టం" అంది బతూల్, వంటింట్లోకి వెళ్ళి కలం వెతుక్కుంటూ.

సాయంత్రం గదిలో గోడకి ఆనుకోవడానిక్కూడా చోటు లేదు. బతూల్ చదివింది: "తాహ్రా వారసులెవరో తేలనందున కేసు వచ్చే గురువారానికి వాయిదా. తేలువరకు బట్టీలో నిప్పు ఉండవచ్చును. వారానికి ఒక వారసుని వాదన వినబడును. విన్నవారు సాక్షులు."

"ఖాజీగారి కాగితం ఇంత తెల్లగా ఉందేమే?" అంది రహ్మా.

"కొత్త వాయిదా పాత కాగితం మీద రాస్తారా పిన్నీ?"

అది నిజమే అనిపించింది. "సాక్షులం!" అన్నారు.

"మరి తాహ్రా వారసులెవరు?" అంది బతూల్. ఎత్తిన చేతులు ఒక్కటీ దిగలేదు. బూఅజ్జాది కూడా.

తలుపు దగ్గర జవాద్ మాస్టారు తెల్లబట్టల్లో, పిల్లల వరసతో నిలబడి ఉన్నాడు. "నా క్లాసు?"

నజాత్ గది నిండా లేచి ఉన్న చేతుల్ని చూసి, తాళం కొంగులో ముడేసుకుంది. "కేసు నడుస్తోంది మాస్టారూ. మీ మనవలొచ్చాక కనుక్కోండి."