తీరిక డ్యూటీ

హెడ్ నర్సుకు ఎన్నో ఏళ్ల తర్వాత వరసగా వారం రోజుల సెలవు దొరికింది. ఆపరేషన్ వార్డులో డ్యూటీ దిగి ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా సోఫాలో కూలబడి మొగుడికి ఆ సంగతి చెప్పింది.

"ఎక్కడికైనా తీసుకెళ్లండి. ఏ ఊరైనా సరే. నన్నెవరూ నిద్ర లేపకపోతే చాలు."

అక్కడే పప్పులో కాలేసింది. నిద్ర ముక్క ఆయన చెవిన పడలేదు. తీసుకెళ్లండి అన్న ముక్క మాత్రం పడింది.

ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపర్. డిపో మొత్తానికి ఈలయ్య. బస్సు కదలాల్సిన సమయం కాస్త దాటిందంటే చాలు, డ్రైవరు టీ గ్లాసు పెదాలకు ఆనించుకుని ఉండగానే చెవి పక్కన ఈల ఊదేవాడు. ఇంట్లో ఈల ఉండదు గానీ, స్నానాలగది తలుపు ముందు నిలబడి వాచీ చూసుకోవడంలో ఏ లోటూ చేయడు. ఈమధ్య రక్తపోటు ఎక్కువ చూపిస్తోందని డాక్టరు కాస్త నిదానించమన్నాడు. అప్పట్నుంచి నిదానం కోసం ఒకటే హడావిడి.

గడ్డం పెంచుకున్న ఒకాయన నిదాన ప్రయాణం గురించి చెప్పిన వీడియో ఈలయ్య ఫోనులో చూశాడు. వారంలో పది ఊళ్లు తిరగడం పిచ్చితనమట. ఒక పాత నగరం, ఒక కొండ ఊరు చాలట. కొన్నాళ్లు రాళ్ల మధ్య, కొన్నాళ్లు మబ్బుల మధ్య గడిపితే మనిషి మళ్లీ పుట్టినట్టుంటుందట. ఈలయ్యకు అది తెగ నచ్చింది. రెట్టింపు వేగంలో పెట్టుకుని మూడుసార్లు చూశాడు.

"ఇదిగో, మనం ఈ వారం ఏమీ చేయం," అని ప్రకటించాడు. "ఏమేం చేయకూడదో అంతా నేను చూసుకుంటాను."

ఆ ఉత్సాహంలో తోడల్లుడికి ఫోను చేశాడు. అది ఆయన వేసిన తప్పటడుగు.

తోడల్లుడంటే హెడ్ నర్సు అక్కమొగుడు. నీటిపంపుల దుకాణం ఆయనది. ఇంటిల్లిపాదీ చాటుగా ఆయన్ని చూసేశాం బావ అంటారు. ఏ ఊరి పేరెత్తినా "అదా? చూసేశాం" అనడం ఆయన అలవాటు. ఒకసారి మరదలు తన వార్డులో ఒక ముసలాయన పోయిన సంగతి చెబుతుంటే కూడా అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. భార్య మోచేత్తో పొడిస్తే మూసుకున్నాడు.

"ఆ నగరమూ చూసేశాం, ఆ కొండా చూసేశాం," అన్నాడు బావ ఫోనులో. "నువ్వొక్కడివీ వెళ్తే అన్యాయమైపోతావు తమ్ముడూ. మేమూ వస్తాం."

ఇక సెలవు మొదలయ్యేదాకా హెడ్ నర్సు ఇంటికొచ్చినప్పుడల్లా భోజనాల బల్ల మీద మ్యాపు, మ్యాపు మీద ఇద్దరు మగాళ్ల మోచేతులు కనిపించేవి. ఆమె కంచం ఒళ్లో పెట్టుకుని తినేది. ముందు నగరమా ముందు కొండా అన్న దగ్గరే వాళ్ల బండి ఇరుక్కుపోయింది. కాళ్లలో ఓపిక ఉన్నప్పుడే నగరంలోని కోట ఎక్కేయాలని ఈలయ్య. ఊపిరితిత్తులకు ముందు చల్లగాలి అలవాటు చేయాలని బావ. ఊపిరితిత్తుల గురించి తెలిసిన మనిషి పక్కనే కూర్చుని తింటున్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

"ఇదిగో, నిన్నే," అని ఒకరోజు ఈలయ్య ఆమె వైపు తిరిగాడు. "సాయంత్రం కోట మెట్ల మీద ఊరికే కూర్చోవడం ఉంది. ఎంతసేపు పెట్టమంటావు?"

"కూర్చోబుద్ధైనంతసేపు."

"అలా కుదరదు. తర్వాత నింపాదిగా నడవడం ఉంది కదా. ఆలస్యమైపోతుంది."

వంటింట్లో గిన్నెలు కడుగుతూ అక్క గొంతు తగ్గించి అడిగింది. "మనల్ని ఏమైనా అడుగుతారంటావా?"

"అడిగారుగా. టోపీ ఏ రంగుది కావాలని."

చివరికి ముందు నగరమే అని తేలింది. కొండ మీద బావ చెప్పిన హోటల్లో దిగాలన్న షరతు మీద.

నగరంలో వాళ్లు దిగిన లాడ్జి ఒకప్పుడు ఎవరిదో పెద్ద ఇల్లు. చెక్కమెట్లు, మందపాటి గోడలు, మేడ మీద గదికి సందులోకి తెరుచుకునే పొడవాటి కిటికీ. కింద కుర్చీలకు పేము అల్లేవాడి దుకాణం. అతడు అరుగు మీద కాళ్లు చాపుకుని, ఒక కుర్చీ ఒళ్లో బోర్లించుకుని అల్లుతూ ఉండేవాడు. హెడ్ నర్సు కిటికీ దగ్గర నిలబడి అతడి వేళ్లను చూసింది. పరుపును చేత్తో నొక్కి చూసింది. మెత్తగా ఉంది. ఆ పూట ఆమెకు దక్కిన సుఖం అంతే.

తెల్లారకముందే తలుపు మీద దబదబా మోగింది. "మరదలా, లేమ్మా! సూర్యోదయం నిదానంగా చూడాలి. టైమైపోతోంది!"

ఆ రెండు రోజులూ ఆమెకు ఏమీ చేయకుండా ఉండటంలో ఊపిరాడలేదు. టీ దుకాణంలో ఈలయ్య వాచీ చూసుకుంటూ, "నెమ్మదిగా తాగు, నెమ్మదిగా. తొందరగా కానీ," అనేవాడు. బావ కోటలో ప్రతి గోడ ముందూ ఆగి చరిత్ర చెప్పేవాడు. గుర్రాలు కట్టే సాలను రాణిగారి పడకటిల్లన్నాడు. అక్కడే నిలువెత్తు బోర్డు మీద గుర్రం బొమ్మతో సహా రాసి ఉంది. అక్క ఆ బోర్డునూ మొగుణ్ణీ మార్చి మార్చి చూసి, నీళ్ల సీసా మూత తిప్పుకుంటూ ముందుకు నడిచింది.

రెండో సాయంత్రం కోట మెట్ల మీద ఊరికే కూర్చునే కార్యక్రమం జరిగింది. రాళ్లు పగలంతా ఎండలో కాగి వెచ్చగా ఉన్నాయి. హెడ్ నర్సు గోడకు తల ఆనించింది. అంతే, కళ్లు మూతలు పడ్డాయి. ఎన్నాళ్లుగానో ఎదురు చూసిన నిద్ర నిజంగానే వచ్చింది. మందులు వాడిన నిద్ర కాదు, మధ్యలో గంట మోగుతుందేమోనని భయపడే నిద్ర కాదు.

ఎవరో భుజం పట్టుకుని కుదిపారు.

"లే, లే, ఒక్క క్షణం," అంటున్నాడు ఈలయ్య, ఫోను ఆమె ముఖానికి గురిపెట్టి. "నిద్రపోతున్నావా? బ్రహ్మాండంగా ఉంది. జుట్టు సరిచేసుకో. ఆఁ, ఇప్పుడు మళ్లీ కళ్లు మూసుకో."

ఆమె కళ్లు మూసుకుంది. ఫోటో బాగా వచ్చింది. 'తీరికలో శ్రీమతి' అని రాసి డిపో వాళ్లందరికీ పంపాడు. ఎవరెవరు బొటనవేళ్లు ఎత్తారో లాడ్జికి తిరిగొచ్చేదాకా ఆమెకు చదివి వినిపిస్తూనే ఉన్నాడు. ఆమె ఒక్కమాట మాట్లాడలేదు. వార్డులో ఆమె అలా ఉంటే జూనియర్ నర్సులు పక్కగదిలోకి తప్పుకుంటారు. ఈలయ్యకు ఆ సంగతి తెలియదు.

కొండకు బయల్దేరాల్సిన పొద్దున టాక్సీ వచ్చి సందు మొదట్లో నిలబడింది. ఈలయ్య టోపీ పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. హెడ్ నర్సు దుప్పటి గడ్డందాకా లాక్కుని పడుకునే ఉంది.

"ఏంటిది? ఇంకా లేవలేదా?"

"నేను రావడం లేదు."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ఇప్పుడిప్పుడే బాగుపడుతోంది. మీరెళ్లి రండి."

"అలా ఎలా? నాలుగు మంచాలు చెప్పాం అక్కడ! మబ్బులు చూడాలి కదా! నీకోసమే కదా ఇదంతా!" ఆయన గొంతు పెరిగింది.

ఆమె లేచి కూర్చోలేదు, అరవనూ లేదు. "అరవకండి. పక్క గదుల్లో మనుషులున్నారు," అంది, వార్డులో అనే గొంతుతోనే. ఆ గొంతు ఇంట్లో ఆయన ఎప్పుడూ వినలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

బావ గుమ్మంలోంచి తొంగి చూసి, "ఇంతదాకా వచ్చి కొండెక్కని మనిషిని ఎక్కడా చూడలేదు," అన్నాడు.

"చూసేశారుగా ఇప్పుడు," అంది ఆమె.

అక్క చేతిసంచీ కింద పెట్టింది. ఒక్క క్షణం ఆగి మళ్లీ తీసుకుంది. "నేనూ ఉండిపోదును. మీ బావకి మాత్రలు ఏ పూటవి ఏవో తెలియవే," అని చెల్లెలి చెవిలో గొణిగి వెళ్లిపోయింది.

టాక్సీ తలుపులు మూసుకున్న చప్పుడు వినిపించాక హెడ్ నర్సు పక్కకు తిరిగింది. మెలకువ వచ్చేసరికి గదిలో ఎండ ఒక గోడ మీంచి ఇంకో గోడ మీదికి మారింది. డ్యూటీకి ఆలస్యమైపోయిందని దిగ్గున లేచి కూర్చుంది. కాళ్లు కిందపెట్టి చెప్పుల కోసం తడుముకున్నాక గుర్తొచ్చింది. అప్పుడు మళ్లీ పడుకుంది, కావాలనే.

మర్నాడు ఆకలేసినప్పుడు కిందికి దిగింది. లాడ్జి యజమానురాలు, ఒళ్లు చేసిన పెద్దావిడ, రొట్టె ముక్కలూ గుడ్డూ ముందుపెట్టి, "మీవారు?" అని అడిగింది.

"కొండెక్కారు."

"ఎప్పుడు దిగుతారు?"

"తొందరేం లేదండి."

పెద్దావిడ ఇంకో గుడ్డు వేసింది.

ఆ రోజు హెడ్ నర్సు ఎటు బుద్ధి పుడితే అటు నడిచింది. కోట వెనకవైపు గోడ మీద ఎవరివో తడి దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. గోడ పక్కన ఇద్దరు ఆడవాళ్లు ఎవరి కోడలి గురించో చెడ్డగా చెప్పుకుంటుంటే ఆగి విన్నది. కోడలిదే తప్పని ఆమెకూ అనిపించింది. టీ తాగుతూ వాచీ పట్టుకున్న మనిషి ఎదురుగా లేడని గమనించింది. ఒక్క క్షణం వెలితిగా తోచింది. అలా తోచినందుకు తనమీద తనకే ఒళ్లు మండి, ఇంకో టీ తెప్పించుకుంది.

సాయంత్రం ఈలయ్య ఫోను చేశాడు. గొంతు నీరసంగా ఉంది.

"ఎలా ఉంది కొండ?"

"ఏమో. కనబడితే కదా! మబ్బు. హోటలుకెదురుగా లోయ ఉందట, అదీ కనబడదు. పొద్దుట్నుంచి దాని ముందే కూర్చున్నాం. అన్నయ్యగారేమో ఇంతకంటే మంచి మబ్బు చూసేశాం అంటున్నారు."

"మబ్బులే కదా మీకు కావలసింది?"

ఆయన ఆ మాట దాటేశాడు. "మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు," అన్నాడు. "ఏవైనా ఉంటే మీ అక్కతో చెప్పిస్తున్నాం."

మిగతాది రాత్రి భోజనాలయ్యాక అక్క ఫోనులో చెప్పింది, నవ్వాపుకుంటూ. మబ్బు విడిపోయే సమయం వచ్చినా విడిపోలేదని మరిదిగారు హోటలు గుమస్తా మీద ఎగిరాడట. బావ నవ్వాడట. దాంతో మరిదిగారు, "మీరు ఎక్కడా ఏమీ చూడలేదు అన్నయ్యగారూ, ఊరికే వెళ్లొచ్చారంతే!" అనేశాడట. పాతికేళ్లుగా అందరి మనసులోనూ ఉన్న మాట. బావ ముఖం మాడిపోయింది. తన పెట్టె తనే సర్దుకుని, రాత్రి బస్సుకే ఇంటికి వెళ్లిపోయాడు.

"మరి నువ్వు?"

"నేనా? మబ్బు విడిందే ఇప్పుడే. వెన్నెల్లో లోయ కనబడుతోంది. వారం పూర్తయ్యేదాకా ఇక్కడే ఉంటాను. మాత్రలు ఏ పూటవి ఏవో చీటీల మీద రాసి అంటించి పంపాను. మీ ఆయన పొద్దున్నే దిగొస్తున్నాడు."

పొద్దున్నే దిగొచ్చాడు. హెడ్ నర్సు తిరిగి తిరిగి లాడ్జికొచ్చేసరికి ఈలయ్య కౌంటరు అవతల నిలబడి, గదుల తాళంచెవులన్నీ వరసగా తగిలిస్తున్నాడు. పెద్దావిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తోంది.

"ఎక్కడికెళ్లావు?" అన్నాడు భార్యను చూడగానే. "ఇన్నాళ్లూ ఏం చేశావు?"

"ఏమీ చేయలేదు."

ఆయన చేతిలో తాళంచెవి అలాగే ఉండిపోయింది. "ఎలా?" అని అడిగాడు. వేళాకోళం కాదు, నిజంగానే తెలియక అడిగాడు. జేబులోంచి పెన్ను తీసి, "మొదటిరోజు పొద్దుట్నుంచి చెప్పు," అన్నాడు.

హెడ్ నర్సు తన గది తాళంచెవి ఆయన చేతిలోంచి తీసుకుని మేడ ఎక్కి పడుకుంది.

ఆ తర్వాత ఆయన ఆమెను లేపలేదు. లేపలేక కాలుగాలిన పిల్లిలా సందంతా తిరిగాడు. పేము అల్లేవాడికి రెండు సలహాలిచ్చి, రెండోదానికి తిట్లు తిన్నాడు. మర్నాడు పొద్దున కాఫీ తాగి బయటికి వెళ్లినవాడు మధ్యాహ్నం దాటినా రాలేదు. ఫోను గదిలోనే మరిచిపోయాడు. నాలుగు కావస్తుంటే ఆమెకు కంగారు పుట్టింది. ఎక్కడైనా గుండె పట్టుకుని కూలబడ్డాడేమోనని నర్సుబుద్ధి నానారకాలుగా పోయింది. పెద్దావిడను అడిగితే, "బస్‌స్టాండు ఎటని అడిగారమ్మా," అంది.

హెడ్ నర్సు గబగబా నడిచింది.

ఈలయ్య బస్‌స్టాండు నడిబొడ్డున ఉన్నాడు. అక్కడి టైమ్‌కీపర్, బట్టతల మనిషి, ఆయన పక్కనే నిలబడ్డాడు. ఇద్దరూ మెడలు సాచి రోడ్డు మలుపు వైపు చూస్తున్నారు. ఎండకు ఈలయ్య ముఖం కందిపోయింది. భోజనం చేసిన జాడ లేదు. భుజాలు మాత్రం జారి, చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్లైన కొత్తలో తప్ప ఆమె ఎన్నడూ చూడనంత నింపాదిగా ఉన్నాడు.

"రాదు," అంటున్నాడు బట్టతల మనిషి. "ఇవాళ కూడా లేటే."

"మా దగ్గరైతే ఈపాటికి రిపోర్టు రాసేవాణ్ణి," అన్నాడు ఈలయ్య పరమానందంగా. "కానీండి. వచ్చేదాకా చూద్దాం."

ఆమె పిలవలేదు. వెనకనున్న బెంచీ మీద ఎవరిదో మూట కాస్త పక్కకు జరిపి కూర్చుంది. బస్సు చాలాసేపటిదాకా రాలేదు.