మా ఆయన ఇచ్చిన విరాళం

పులిహోరకి చింతపండు పిసుకుతున్నాను. మోచేతుల దాకా పులుపు. మా ఆయన శ్రీరంగం చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చి చెప్పాడు.

"సాయంత్రం ప్రోగ్రాంల యాంకరింగ్ మన తరఫున చందా అని చెప్పిన. కమిటీల చక్రి చాన ఖుషీ అయిండు."

"ఎవరి తరఫున?"

"మన తరఫునే. దుకాణం పేరు మీద."

మనలో నా వాటా ఎక్కడుందా అని వెతుక్కున్నాను. 'న' అయితే ఉంది. దీర్ఘం మాత్రం 'ఆయన' దగ్గరే ఉండిపోయింది.

నా పేరు రామతులసి. ఇంట్లో వాడకం కరివేపాకు. బస్తర్‌లోని జగదల్‌పుర్‌లో మాది కిరాణా దుకాణం, నాది మైకు. పెళ్ళిళ్ళు, మేళాలు, బడి వార్షికోత్సవాలు. హిందీలో స్వాగతం చెప్పి, ఇక్కడి హల్బీలో నవ్వించి, తెలుగులో తిట్టి కూర్చోబెట్టగలను. ఈ చలికాలమంతా సంజయ్ అనే ఈవెంట్ల ఆసామి కింద పనిచేశాను. నేనే కాదు, డోలు కొట్టే ముయా, పాటలు పాడే దేవే, ఇంకా బోలెడుమంది. గీదం, తోంగ్‌పాల్, సుక్మా, ఎక్కడ స్టేజీ వేస్తే అక్కడికి. దీవాలీ మేళాతో మొదలుపెట్టినవాడు దివాలాతో ముగించాడు. ఫోను ఆఫు, ఆఫీసు షట్టరు ఆఫు, మా అందరి కూలీ ఆఫు. కళాకారులం కాస్తా ఆకలాకారులమయ్యాం. దేవే ఊరు దూరం, తెలంగాణ వైపు బాసగూడ దగ్గర. ఇక్కడికి వచ్చిన జీపుకి కిరాయి కూడా అప్పే.

వీళ్ళకోసం ఒక ప్రోగ్రాం పెట్టి చందాలు పోగు చేద్దామని మన తెలుగు సమాజ్‌లో మొదట నోరు తెరిచింది నేనే. ఇంటింటికీ తిరిగి ఒప్పించింది నేనే. అందరూ ఒప్పుకున్నాక అది కమిటీ అయింది. కమిటీ అయ్యాక మగాళ్ళదయింది. నాకు చింతపండు మిగిలింది.

"మరి నాకు రావాల్సింది?" అన్నాను.

"నీకేంది రావాల్సింది? కళాకారులకి గదా ఇచ్చేది."

"నేనెవర్ని?"

"నువ్వు మా ఇంటిదానివి. చెయ్యి చాపేటోళ్ళ వరుసల నా పెండ్లాం కూసుంటే రేపు గల్లా మీద నేనెట్ల కూసుండాలె?"

ముందు గదిలోంచి మా అత్త సుశీలమ్మ అందుకుంది. "నోరు దేవుడిచ్చిందేనాయె. దానికి కూడా పైసలేందే?"

నోటికి ఖర్చేముందని వీళ్ళ లెక్క. ప్రోగ్రాం ఉన్నరోజు పొద్దున్నుంచి నేను నీళ్ళు తాగను, ఎందుకంటే స్టేజీ వెనక ఆడవాళ్ళకి మరుగుదొడ్డి ఉండదు. మగాళ్ళకైతే బస్తర్ అడవంతా ఉంది. ఎండిన గొంతుతోనే నవ్వాలి, నవ్వించాలి. గీదం మేళాలో ముఖ్య అతిథి ఎంతకీ రాలేదు. ఆయన వచ్చేదాకా జనాన్ని కదలకుండా పట్టుకున్నది నా నోరే. వచ్చాక పూలమాల ఆయనకి, గొంతుమంట నాకు. ఆ రాత్రి ఇంటికొస్తే మా ఆయన టీవీ మీంచి చూపు తియ్యకుండా "అన్నంల కూరేం లేదా?" అన్నాడు. పోయేముందు వండి మూతపెట్టి పోయాను. మూత తియ్యడమూ నా పనే అని అప్పుడు తెలిసింది. మైకులో అరిచి అరిచి ఇంట్లో కూడా గొంతు లేస్తోందని మా అత్త అంటుంది. లేచింది గొంతొక్కటే అత్తా, నేనింకా లేవలేదు అనుకునేదాన్ని. ఉచితం అంటే తగినది అని కూడా అర్థముంది. ఆ లెక్కన మా ఆయనకి నేను అన్నివిధాలా ఉచితమైన భార్యని. డబ్బు అక్కర్లేదని కాదు, కావాలి. అంతకంటే, సంజయ్ నాకు కూడా బాకీ అని ఒక్కరు, ఒక్కసారి, పైకి అనాలి.

అన్నది దేవే. సాయంత్రం ధర్మశాలలో కళాకారులందర్నీ స్టేజీ ముందు ఎర్ర కుర్చీల్లో వరసగా కూర్చోబెట్టారు. పులిహోర గంగాళం దించి చెంగుకి చెయ్యి తుడుచుకుంటుంటే దేవే పిలిచింది.

"అక్కా, గీడ కూసో. నీకు కూడ ఎగ్గొట్టిండు గదా వాడు."

"నాది వేరేలే," అన్నాను.

"ఏం వేరు? మనం ఒక్క జీపుల్నే గదా తిరిగింది."

అంత నోరున్నదాన్ని, చెయ్యి మళ్ళీ చెంగుకి తుడుచుకుని మైకు దగ్గరికి పోయాను.

మా సమాజ్‌లో ఒక ఆచారముంది. చందా ఏదైనా మైకులో పిలవాలి. ఇచ్చినవాడు స్టేజీ ఎక్కి తన చేత్తో ఇవ్వాలి, ఫోటో దిగాలి. బియ్యమిచ్చినాయన బస్తా మీద చెయ్యి వేసి దిగాడు. టెంటు ఇచ్చిన కమలేష్ భయ్యా గుంజ పట్టుకుని దిగాడు. ఒక్కొక్కరి మీదా ఒక్కో జోకు వేశాను. జనం నవ్వుతున్నారు, చందాలు పడుతున్నాయి. ముందు వరసలో దేవే మాత్రం నవ్వకుండా నన్నే చూస్తోంది.

కమిటీ సెక్రటరీ చక్రి పక్కకొచ్చి గుసగుసలాడాడు. "వదినా, యాంకరింగ్ కూడా పిలువు. అన్న ఎదురుచూస్తున్నడు."

మా ఆయన అప్పటికే జుట్టు దువ్వుకుని మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉన్నాడు. పాపం, దుర్మార్గుడేం కాదు. ఇస్తున్నది తనది కాదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ జోకులే వేశాను.

"ఈ సభకి యాంకరింగ్ విరాళంగా ఇస్తున్నవారు, కిరాణా వర్తకులు శ్రీరంగం గారు," అన్నాను. "దయచేసి వేదిక మీదికి రావాలి."

చప్పట్లు. వచ్చాడు. ఫోటోకి నిలబడి, చెయ్యి దేనిమీద వెయ్యాలా అని అటూ ఇటూ చూశాడు. మైకు తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఇదేంది?"

"మీ చందా. ఇవ్వండి."

ఫ్లాష్ వెలిగింది. నేను మెట్లు దిగాను. దేవే పక్క కుర్చీ మీంచి తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కూర్చున్నాను. ముయా తన నీళ్ళ సీసా ఇటు చాపాడు. చాలా రోజుల తర్వాత ఒక ప్రోగ్రాంలో కడుపు నిండా నీళ్ళు తాగాను. ధర్మశాలలో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి ఉంది.

స్టేజీ మీద మా ఆయన గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. మైకు కుయ్యిమంది. చక్రి వంగుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"వదినా, పరువు పోతది. ఇప్పుడు కళాకారుల పేర్లు పిలవాలె. ఎవరు పిలుస్తరు?"

"దాత గారు ఉన్నారుగా," అన్నాను. "నా పేరు కూడా పిలవమని చెప్పు. రామతులసి, యాంకర్. పిలిస్తే వస్తాను."