బజారు ఖాళీగా కనబడిన రోజు

ఆకుకూరల అత్త బండిని క్రేను పైకి లేపుతుంటే కూర కట్టలన్నీ రోడ్డు మీద రాలిపోయాయి. అత్త చక్రం పట్టుకుని వదల్లేదు. మున్సిపాలిటీ మనుషులిద్దరు ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీశారు. ఆ పక్కనే బండి మీద తాళాలు బాగుచేసుకునే నేను ఆకురాయి చేతిలో పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. వీధి వీధంతా చూసింది. ఒక్కరూ అడ్డుపడలేదు. ఎందుకు పడలేదో చెప్పాలి, లేకపోతే మీలో చదువుకునే పిల్లలు మమ్మల్ని పిరికివాళ్లనుకుంటారు. భయం కాదు. తప్పు మాది కూడానని తెలిసి నోరు పెగల్లేదు.

అత్త బండీ ఆ వరసలో ఇంకొన్ని బండ్లూ పోయిన చోట సాయంత్రానికల్లా రేకుల కంచె లేచింది. కంచె మీద పెద్ద బోర్డు. పట్టణ కేంద్రం పునరుద్ధరణ నిధులతో, మూతపడ్డ పాత బజారుకు మళ్లీ ప్రాణం పోస్తారట. కింద మా వీధి ఫోటో. బండ్లన్నీ టార్పాలిన్ పట్టాలు కప్పుకుని గోడవారగా నిలబడి ఉన్నాయి. మనిషి జాడ లేదు. కొత్తవాడెవడైనా చూస్తే ఇక్కడ వ్యాపారం చచ్చి ఏళ్లయిందనుకుంటాడు.

ఆ ఫోటో వాళ్లు దొంగతనంగా తీసింది కాదు. మేమే తీయించుకున్నాం.

కిందటి ఎండాకాలం మా బండ్లవాళ్ల సంఘం పెద్ద టైలరన్నను మున్సిపల్ ఛైర్మన్ పిలిపించాడు. కుర్చీ వేశాడు, టీ ఇప్పించాడు. ఆ ఆఫీసు వరండాలో నిలబడి కాళ్లు పడిపోవడమే తప్ప లోపల కూర్చోవడం టైలరన్న ఎరగడు. "పైనుంచి నిధులిచ్చే ఆఫీసర్లు వస్తున్నారు," అన్నాడు ఛైర్మన్. "వీధి ఇలా కిక్కిరిసి, ఎక్కడ చూసినా తొక్కలూ తుక్కూ కనబడితే ఎవరిస్తారయ్యా? ఒక్క రోజు సర్దుకుని ఇళ్లకు పోండి. మీకు పైకప్పు వేయిస్తా. కుళాయి పెట్టిస్తా. ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టిస్తా."

టైలరన్న మీటింగు పెట్టి ఆ మాటే చెప్పాడు. ఇంటికి చుట్టాలొస్తుంటే చింకి చాపలు అటకెక్కిస్తామా లేదా అని అడిగాడు. మాకు నచ్చింది. పేదవాడికి శుభ్రంగా కనబడాలని ఉండే ఆశ అంతా ఇంతా కాదు. అత్త ఒక్కతే లేచింది.

"మనం లేకుండా బజారేంటి? వాళ్లొచ్చి ఏం చూస్తారు?"

"నీ కుళ్లిపోయిన ఆకులు చూస్తారా, అత్తా?" అన్నాను నేను. అందరూ పగలబడి నవ్వారు. చేతులెత్తమంటే ఎత్తేశాం. వీధి మాట కాదనకూడదని చివరికి అత్త కూడా ఎత్తింది.

ఆఫీసర్లొచ్చే రోజు పొద్దున మేమే చీపుర్లు పట్టి వీధంతా ఊడ్చాం, కడిగాం. పిల్లలకు ఒళ్లు తుడిచినట్టు బండ్లు తుడిచి పట్టాలు కప్పి ఇళ్లలో కూర్చున్నాం. ఆఫీసర్లు వచ్చారు, ఫోటోలు తీసుకున్నారు. బేరాల్లేక జనం వదిలేసి పోయారని ఛైర్మన్ వాళ్లకు చెప్పాడట. నిధులొచ్చాయి. మా పైకప్పుకు కాదు, మమ్మల్ని లేపేసి కట్టే షాపింగ్ కాంప్లెక్సుకు.

బండి ఎత్తుకుపోయిన మర్నాడు మధ్యాహ్నం టైలరన్న గదిలో కూర్చున్నాం. గుండీలు కుట్టాల్సిన స్కూలు చొక్కాలు పక్కకు నెట్టి ఎక్కడ వీలైతే అక్కడ సర్దుకున్నాం. టైలరన్న తలెత్తలేదు. నేల చూస్తూనే చెప్పాడు.

"కాంప్లెక్సులో నాకో షాపు ఇస్తామని కబురొచ్చింది."

గది గతుక్కుమంది. పళ్ల బండి బావ గొంతు లేచింది. "అంటే ముందే మాట్లాడుకున్నారా?"

"లేదు బావా. ఇవాళ పొద్దున కాంట్రాక్టరు మనిషి వచ్చి చెప్పాడు. నాకొద్దని పంపేశాను. నువ్వు నమ్మకపోయినా నేనేమీ అనను. సంఘం ఇంకెవరికైనా అప్పజెప్పండి. మీ మొహాలు చూడలేకపోతున్నాను."

"పోతావా? పోయి?" అంది అత్త. ఆమె వేళ్లకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. "ఇంట్లో కూర్చుని ఏడుస్తావు. నువ్వేడిస్తే నా బండొస్తుందా?"

"తప్పు నాది, అత్తా."

"నీ ఒక్కడిదేనా? చెయ్యి నేనెత్తలేదా? ఈ తాళాలోడు పళ్లికిలించలేదా? తప్పంతా నువ్వు మూటగట్టుకుని పోతే మేమంతా మంచివాళ్లమైపోతాం. ఆ సుఖం నాకొద్దు."

నాకు తల తీసేసినట్టయింది. ఏదో అనబోయాను. "నీ సంగతి తర్వాత," అంది, నా వైపు చూడకుండానే.

శంకుస్థాపనకు అదే ఆఫీసర్లు మళ్లీ వస్తున్నారని బావ కూతురు చెప్పింది. కాలేజీలో చదువుతోంది. "ఛైర్మన్ అబద్ధమాడాడని నినాదాలిద్దాం, నాన్నా. మా క్లాసు వాళ్లను తీసుకొస్తాను."

"అబద్ధం ఆయనది. దానికి వీధి ఊడ్చిపెట్టింది మనం," అన్నాడు టైలరన్న. "ఆ రోజు వీధి ఖాళీ చేయించింది నేనేనని వాళ్ల మొహం మీదే చెప్తాను."

"అలా చెప్తే మీ మీదే కేసు పెడతారు, మామయ్యా."

"పెట్టనీ అమ్మా. కనీసం రాత్రి నిద్ర పడుతుంది."

"నీ నిద్ర కోసం కాదు మేం వచ్చేది," అంది అత్త. "బజారు పెడదాం. కంచె ముందరే పెడదాం. వాళ్లు కళ్లారా చూడాలి."

శంకుస్థాపన రోజున టెంటు వేశారు, కుర్చీలు వేశారు. కంచెకూ టెంటుకూ మధ్యనున్న రోడ్డు మీద మేం బజారు పెట్టాం. బండ్లు పోయినవాళ్లు బుట్టల్లో తెచ్చుకున్నారు. బండ్లున్నవాళ్లు వాటిలో సగం చోటిచ్చారు. రోజూ వచ్చే జనమే వచ్చారు: ఆసుపత్రి ఆయాలు, లారీ హమాలీలు, గుమాస్తాలు, కాలేజీ పిల్లలు. బేరాల హోరులో మైకు వినబడలేదు. కొత్తిమీర కట్ట కోసం ఒకావిడ అత్తతో పోట్లాడుతుంటే నాకు కడుపు నిండినట్టయింది.

పెద్ద ఆఫీసరు లేచి నిలబడ్డాడు. "వీళ్లంతా ఎవరండీ?"

"ఎవరో ప్రతిపక్షం వాళ్లు తోలుకొచ్చిన జనం, సార్," అన్నాడు ఛైర్మన్.

టైలరన్న వేదికెక్కాడు. "అయ్యా, ఈ బజారు ఎన్నడూ చావలేదు. మీరొచ్చిన రోజున నేనే అందరినీ ఇళ్లకు పంపాను. ఛైర్మన్ గారు అడిగారు, పైకప్పు ఇస్తారని నేను నమ్మాను. మీ కళ్లకు గంతలు కట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఈ కాంప్లెక్సు ఆ గంతల మీద కడుతున్నారు."

ఛైర్మన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా తెలివి పనిచేస్తూనే ఉంది. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, "విన్నారుగా, ప్రభుత్వాన్ని మోసం చేశానని తనే ఒప్పుకున్నాడు," అన్నాడు. ఇన్‌స్పెక్టరు టైలరన్న చొక్కా పట్టుకుని కిందికి లాగి పోలీసు వ్యాను వైపు నడిపించాడు. ఆఫీసరు బూట్లు చూసుకుంటూ కారెక్కాడు. న్యాయం చెయ్యడానికి వచ్చినవాడు కాదుగా.

బజారు మూగబోయింది. ఆ మౌనం నాకు తెలుసు. ఇంకొంచెం సేపు సాగితే టైలరన్న ఒంటరిగా జైలుకు పోతాడు, మేం మళ్లీ మంచివాళ్లమైపోతాం.

"నన్నూ ఎక్కించండి," అన్నాను. "ఆ రోజు నా బండి నేనే కప్పాను. వద్దన్న మనిషిని నవ్వులపాలు చేసింది కూడా నేనే."

"నేనూ కప్పాను," అంది అత్త, బుట్ట చంకనేసుకుని.

"నేనూ," అన్నాడు బావ. తర్వాత ఎవరన్నారో, ఎంతమందన్నారో తెలీదు. కప్పనివాళ్లు కూడా కప్పామన్నారు. ఆసుపత్రి ఆయా ఒకావిడ, ఆ రోజు కూర దొరక్కపోయినా ఎందుకని అడగలేదు, అది నా తప్పు అంది. పోలీసులు లాఠీలు ఝళిపించారు, దొరికినవాళ్లను వ్యానులో కుక్కారు. చోటు చాలనివాళ్లు వెనకాలే నడిచారు.

వ్యానులో అత్త నా పక్కనే ఇరుక్కుని కూర్చుంది. "క్షమించు, అత్తా," అన్నాను.

"ఇప్పుడే కాదు," అంది. "కాస్త జరుగు."

స్టేషను ఆవరణ నిండిపోయింది. ఇన్‌స్పెక్టరు బయటికొచ్చి జనాన్ని చూసి తల పట్టుకున్నాడు. "ఆ టైలరు ఒక్కడు చాలు. మిగతావాళ్లంతా ఇళ్లకు పోండి."

"ఇళ్లకు పొమ్మంటే ఒకసారి పోయాం, బాబూ," అంది అత్త. "ఇంక పోం."

ఆమె మెట్ల మీద చతికిలబడింది. టైలరన్న ఆమె పక్కన కూర్చున్నాడు. వెనకాల వచ్చేవాళ్లకు చోటు కోసం నేనూ జరిగి కూర్చున్నాను. గేటు దగ్గర జనం ఇంకా వస్తూనే ఉన్నారు.