ఏడో పట్టికలో ఆదివారం

కుసుమ జొన్నపిండి పిసుకుతుంటే, ఆమె పేరు మీద వచ్చిన ఉత్తరాన్ని కిషన్‌రావు చింపి చదివాడు. ఆమెకు వచ్చే ఉత్తరాలన్నీ అతనే చింపుతాడు. పెండ్లయి పదకొండేండ్లయినా అదేమని ఆమె ఎన్నడూ అడగలేదు. అది అడగాల్సిన సంగతని అతనికీ తోచలేదు.

"ఏమే, నీ నసీబు మారినట్టున్నది. నాగపూర్‌కు రమ్మన్నరు. ఖాయం చేసేటందుకు ఇంటర్వ్యూ అట," అన్నాడు వంటింటి గడపలో నిలబడి.

అత్త ముత్తక్క చేటలో పప్పు ఏరుతోంది. తల ఎత్తకుండానే, "ఖాయమైతె మంచిదే గని, బదిలీ గూడ చేస్తరట గద పిల్లా. గప్పుడు వీనికి రొట్టెలెవ్వరు చేస్తరు?" అంది.

కుసుమ పిసకడం ఆపింది. పిండి అంటిన వేళ్లను ముక్కు దగ్గర పెట్టుకుంది. వచ్చింది, ఆ పుల్లటి వాసన. సిర్కాలాంటి వాసన. తపసి చెట్టు బంక వాసన. వానలకు పని ఆగి, బంక ముట్టుకొని నెలలు దాటింది. పొద్దున రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంది. అయినా పిండి పిసికినప్పుడల్లా, పిల్లకు జడ వేసినప్పుడల్లా ఆ వాసన వేళ్ల సందుల్లోంచి లేస్తుంది. "ఏమన్న వాసనొస్తుందా అత్తమ్మా?" అని ఒకసారి అడిగితే, "నీకేమన్న గాలి సోకిందా ఏంది?" అని ముత్తక్క ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. ఆ తర్వాత మళ్లీ ఎవ్వరినీ అడగలేదు.

మరాఠీ సర్కారు కింద ఉన్న తెలుగు ఊరు సిరొంచ బయట రెండు గదుల పెంకుటింట్లో ఉండేది ఆమె పనిచేసే ప్రభుత్వ అటవీ పరిశోధన కేంద్రం. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన కుసుమను 1981లో అక్కడ సైంటిస్టుగా తీసుకున్నారు. మూడేండ్ల గడువు మీద, ఖాయం కాని హంగామీ నౌకరి. బామ్ని పల్లె అవతలి రాతి గుట్ట మీద తపసి చెట్లు ఉంటాయి. ఎండాకాలంలో ఆకులన్నీ రాలి, తెల్లటి మాన్లతో బట్టల్లేని మనుషుల్లా నిలబడతాయి. బంక కోసం జనం వాటిని గొడ్డలితో లోతుగా నరికితే రెండు మూడేండ్లలో ఎండిపోతాయి. ఎంత చిన్న గాటు పెడితే, ఎన్ని రోజులకొకసారి పెడితే చెట్టూ బతికి బంకా వస్తుందో తేల్చడం కుసుమ పని. నలభై చెట్లు. వానాకాలం తప్ప ప్రతి ఐదో రోజూ గుట్ట ఎక్కాలి.

మూడేండ్ల గడువు అన్నారే గానీ, ఆర్డరు మాత్రం ఆరేసి నెలలకు ఒకటి వచ్చేది. ఆర్డరుకూ ఆర్డరుకూ నడుమ ఒక్కరోజు విడుపు, నౌకరి ఎడతెగకుండా సాగిందని రేపు ఎవరూ అడగకూడదని. ఆ ఒక్కరోజు ఆమె సర్కారుకు ఏమీ కాదు. ఆ రోజు కూడా చెట్లకు బంక కారేది, ఆ రోజు కూడా ఆమె గుట్ట ఎక్కేది. ఆమెతో పాటే చేరిన వాంఖెడే మూడేండ్లు నిండగానే ఖాయమయ్యాడు. కుసుమకు నడుమ వానాకాలంలో రెండో కాన్పు వచ్చింది. మూడు నెలలు రాలేదు గనక సర్వీసు తెగిందన్నారు, మళ్లీ మొదటినుంచి లెక్క అన్నారు. జిల్లా పరిషత్తు బడిలో పంతులైన కిషన్‌రావు ఇంటికొచ్చినవాళ్లతో నవ్వుతూ చెప్పేవాడు: "నాది నౌకరి. మా ఇంటామెది సరదా." ఆ నవ్వులు వినిపిస్తుంటే ఆమె లోపల చాయ్ వడపోసేది.

గుట్ట మీద ఆమెకు తోడు పోశక్క. బామ్ని మనిషి, మొగడు లేడు, నలభై దాటిన గట్టి మనిషి. కేంద్రం రిజిస్టరులో ఆమెకు పేరు లేదు, 'కూలీ ఒకటి' అని ఉండేది. అక్షరం రాదు గానీ నలభై చెట్లనూ మొఖాలు చూసి గుర్తుపట్టేది. నంబర్లు వేసిన నలభై గుడ్డసంచులను ఒక తాడుకు వరుసగా కట్టుకొని, ఏ చెట్టు బంక ఆ సంచిలోనే వేసేది. ముందు నడుస్తూ, బండ మీద కాలు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి నాలుకతో 'టక్' మని చప్పుడు చేసేది. కుసుమ ఆ చప్పుడును పట్టుకొని వెనుక ఎక్కేది. రెండో కాన్పు తర్వాత నడుము నొప్పితో ఎక్కలేకపోతుంటే, "జర కూసో బాయీ. చెట్లెక్కడికి పోతయి, మనమెక్కడికి పోతం," అని తన కొంగుతో విసిరేది. తన అలుపును చూసి కూర్చోమన్న మనిషి కుసుమకు ఆ రోజుల్లో ఆమె ఒక్కతే.

1985 జూన్ తొమ్మిది, ఆదివారం. లెక్క ప్రకారం ఐదో రోజు. మంచిర్యాల నుంచి కిషన్‌రావు అక్కా బావా పిల్లలతో వస్తున్నారు. "ఆదివారం గూడ గుట్టేనా? మా అక్క వస్తే ఇంట్ల ఆడది లేకపోతె ఎట్లుంటది? నన్నేమనుకుంటరు?" అన్నాడు కిషన్‌రావు. తెల్లవారుతుండగానే పోశక్క వాకిట్లోకి వచ్చి నిలబడింది. కుసుమ ఉల్లిగడ్డలు కోస్తూ, కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"పోశక్కా, ఇయ్యాల నాకు కుదరదు. నువ్వొక్కదానివే పోయిరా."

పోశక్క గుట్ట వైపు చూసింది. "రాత్రి వాన గొట్టింది బాయీ. బండ జారుతది. రేపు ఇద్దరం పోదమా?"

"రేపైతె లెక్క తప్పుతది. మూడేండ్ల లెక్కల ఒక్క రోజు గూడ తప్పలె. ఇంకో వారమైతె వానలకు పనే బంద్ అయితది."

లోపలినుంచి కిషన్‌రావు కేకేశాడు, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని. కుసుమ వెనక్కి తిరిగింది. వీపు వెనుక, "సరే తీ బాయీ," అన్న మాట ఒక్కటే వినబడింది. పోశక్క ముఖం ఆఖరిసారి ఎట్లా ఉందో ఆమెకు తెలియదు. ఆమె చూడలేదు.

మూడో రోజు మేకలవాళ్లకు గుట్ట కింద శవం కనబడింది. నడుముకు తాడు, తాడుకు సంచులు. నలభైకి నలభై సంచుల్లోనూ బంక ఉంది. పని ముగించుకొని దిగుతూ జారింది. తపసి బంక సర్కారు సొత్తు గనక పోలీసులు అది దొంగతనమేమో అన్నారు. సెలవు రోజున, ఒంటరిగా, కేంద్రం సంచులతో సహా! ఎవరైనా పంపారా అని అడగడానికి పోలీసు జమాదారు ఇంటికొచ్చాడు. కుసుమ నోరు తెరవకముందే కిషన్‌రావు చెప్పేశాడు: "ఆదివారం గదా. మా ఇంటామె ఇల్లు కదలలె. ఎవ్వల్నీ పంపలె." కుసుమ జమాదారు ముందు చాయ్ పెట్టింది.  చక్కెర సరిపోయిందా అని అడిగింది.

సంచులు కేంద్రానికి తిరిగొచ్చాయి. వాటిని తూకం వేసింది కుసుమే. నలభై అంకెలనూ ఏడో పట్టికలో, జూన్ తొమ్మిది తేదీ ఎదురుగా, తన చేతి రాతతో రాసింది. లెక్క తప్పలేదు.

అప్పటినుంచి పోశక్క ఆమెను విడిచిపెట్టలేదు. గుట్ట ఎక్కుతుంటే ముందర 'టక్' మని వినిపించేది. తల ఎత్తితే తెల్లటి మాను. కొత్త కూలీ జంగును అడిగితే, "నేను వెనుకున్న గద బాయీ," అనేవాడు. ఇంట్లో బట్టలు ఆరేస్తుంటే దండెం అవతల ఎవరో నిలబడి తన పని అయ్యేదాకా ఓపిగ్గా చూస్తున్నట్టుండేది. బట్ట పక్కకు జరిపితే గోడ. భయపడితే బాగుండేదేమో. భయం కాదది. తనను ఒకరు ఏదో అడగడానికి వచ్చి, అడగకుండా నిలబడ్డారని తెలుస్తుండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ తన నోటినుంచే "సరే తీ" అని వచ్చేసేది. పెద్దపిల్ల ఒకసారి, "అమ్మా, గోడతోని ఎందుకు మాట్లాడుతున్నవ్?" అని అడిగింది.

పోశక్క కూతురు సోనుబాయి నెలకో రెండు నెలలకో కేంద్రానికి వచ్చి వసారాలో కూర్చునేది. క్లర్కు ఖయ్యూం లోపలికొచ్చి మెల్లగా చెప్పేవాడు: "మేడం, మళ్ల వచ్చింది. పైసలు గావాలంటలేదు, పని గావాలంటలేదు. తల్లి దొంగ కాదని కాయిదం రాసియ్యమంటది. ఊర్ల బంక దొంగ బిడ్డ అని పిలుస్తున్నరట." కుసుమ వెనుక తలుపునుంచి ఇంటికి వెళ్లిపోయేది. రెండేండ్లలో ఎన్నిసార్లు ఆ వెనుక తలుపు దాటిందో ఆమెకే తెలియదు.

ఇప్పుడు ఈ ఉత్తరం. మరునాడు కేంద్రం అధికారి బోర్కర్ ఆమెను పిలిచి, టైపు చేసిన కాగితం ఒకటి ముందుకు తోశాడు. పోశక్కను ఆ రోజు ఎవరూ పనికి పంపలేదని, ఆమె తన ఇష్టం మీద గుట్టకు వెళ్లిందని అందులో ఉంది. "పాత సంగతే, ఫైలులో ఒక్క సంతకం తక్కువైంది," అన్నాడు మరాఠీలో. "పంపామని రాస్తే విచారణ. విచారణ ఉంటే ఖాయం చెయ్యరు. ఖాయం చెయ్యకపోతే అక్టోబరు ముప్పై ఒకటితో నీ గడువు ముగుస్తుంది. ఆరేండ్లు కష్టపడ్డావు తల్లీ, ఆలోచించుకో."

ఆలోచించుకునే పని కిషన్‌రావు ఆమెకు మిగల్చలేదు. "సచ్చిపోయినామె తిరిగొస్తదా? సంతకం పెట్టు," అని పెన్ను తెచ్చి ఇచ్చాడు. కుసుమ వంటింటి పీట మీద కూర్చొని సంతకం పెట్టింది. కాగితం మడుస్తుంటే వేళ్లనుంచి వాసన గుప్పుమంది.

నాగపూర్ దాకా కిషన్‌రావు తోడు వచ్చాడు. అహేరి, ఆలపల్లి, చాందా మీదుగా బస్సులో ఒక పగలంతా. ఇంటర్వ్యూ గది బయట బెంచీ మీద అతను పేపరు చదువుతూ కూర్చున్నాడు. లోపల ఐదుగురు మగవాళ్లు. పిల్లలెందరు అని అడిగారు. బదిలీ అయితే భర్త ఒప్పుకుంటాడా అని అడిగారు. ఇంకా పిల్లలను కనే ఆలోచన ఉందా అని ఒకాయన నవ్వుతూ అడిగాడు. వాంఖెడేను ఇవే అడిగారా అని ఆమెకు అడగాలనిపించింది. ఆ తర్వాత, మధ్యలో కూర్చున్న తెల్లజుట్టు పెద్దాయన ఆమె నివేదిక తిరగేశాడు. ఆయన ఒక్కడే దాన్ని నిజంగా చదివినట్టున్నాడు.

"మంచి పని చేశారమ్మా. ఎక్కడా ఒక్క తేదీ తప్పలేదు. ఇట్లాంటి లెక్క నేను చాలా తక్కువ చూశాను. ఈ ఏడో పట్టిక చూడండి," అని పక్కవాళ్లకు చూపించాడు. "జూన్ తొమ్మిది. ముందురోజు వాన పడిందని మీరే రాశారు. పైగా ఆదివారం. అయినా గుట్ట ఎక్కారు."

అవునంటే చాలు. తల ఊపినా చాలు. ఆరేండ్లుగా తన పనిని ఎవరో ఒకరు చదవాలని ఆమె ఎదురుచూసింది. చదివిన మనిషి ఇప్పుడు ఎదురుగా కూర్చొని మెచ్చుకుంటున్నాడు. ఆ మెప్పు ఎవరిదో ఆమెకు తెలుసు. కుర్చీ వెనుక ఎవరో వచ్చి నిలబడినట్టయింది. ఈసారి ఆమె తిరిగి చూడలేదు.

"నేను ఎక్కలేదు సార్. పోశక్క ఎక్కింది," అంది.

"పోశక్క ఎవరు?"

"మా కూలీ. ఆ రోజే అక్కడ జారిపడి చచ్చిపోయింది. బండ జారుతుంది, రేపు పోదామంది. తారీకు తప్పుతుందని నేనే పంపాను."

 చివర కూర్చున్నాయన ఫైలులోంచి కాగితం తీశాడు. "ఎవరూ పంపలేదని మీరే సంతకం పెట్టారు కదా?"

"అది అబద్ధం సార్. నాకు తెల్లకాగితాలు ఇవ్వండి, నిజం రాసిస్తాను."

రెండు ప్రతులు రాసింది. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకుంది. వేయడానికి వాళ్లు తటపటాయిస్తే, వేసేదాకా నిలబడింది.

తిరుగు బస్సులో చాందా దాటాక కిషన్‌రావు పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు: "జమాదారుతోని చెప్పింది నేను. ఇప్పుడు నన్ను అబద్ధాలోన్ని చేసినవ్."

"అవును," అంది కుసుమ. "నన్ను గూడ చేసుకున్న."

నెలలోపే జవాబు వచ్చింది. ఈసారి ఆ ఉత్తరాన్ని ఆమే చింపింది. ఖాయం చేయడానికి తగినట్టు కనబడలేదని, గడువు అక్టోబరు ముప్పై ఒకటితో ముగుస్తుందని రాశారు. నివేదికను కేంద్రం పేరుతో అచ్చు వేస్తారట. కిషన్‌రావు చదివి, "ఏం సాధించినవ్? ఆరేండ్లు మట్టిల గలిసె," అని అరిచాడు. మంచం మీద కూర్చున్న ముత్తక్క కొడుకును చూసి, "ఊకో," అంది. కాసేపటికి, ఎవరితో అంటుందో తెలియకుండా మెల్లగా అంది: "ఆ ఆదివారం వండిన కూర మనమందరం తిన్నం గద."

మరునాడు పొద్దున కుసుమ ఒక్కతే బస్సెక్కి బామ్నిలో దిగింది. సోనుబాయి ఇంటి ముందు ఇప్పగింజలు ఆరబోస్తోంది. కుసుమను చూసి లేచింది గానీ కూర్చోమనలేదు. కుసుమ కాగితం తీసి చదవబోయింది.

"ఆగు బాయీ," అని సోనుబాయి వెళ్లి ఇరుగుపొరుగును పిలుచుకొచ్చింది. ముసలి కొండయ్య వచ్చాడు, నీళ్లకు పోతున్న ఆడవాళ్లు బిందెలు దించి నిలబడ్డారు. "ఇప్పుడు సదువు. అందరికి ఇనబడేటట్టు సదువు."

మరాఠీలో రాసినదాన్ని కుసుమ తెలుగులో చదివింది. పోశక్క కేంద్రం పని మీదనే గుట్ట ఎక్కిందని. వద్దంటే తానే పంపిందని. పోలీసులు అడిగిన రోజు తాను నోరు మూసుకుందని. ఆ సంచుల్లోని బంక దొంగసొత్తు కాదని, పోశక్క చేసిన ఆఖరి రోజు పని అని.  ఎవరూ ఆమెకు నీళ్లివ్వలేదు.

"ఇంకోపారి సదువు," అంది సోనుబాయి.

మళ్లీ చదివింది. కొండయ్య తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆడవాళ్లలో ఒకామె ముక్కు చీదింది. సోనుబాయి కాగితం తీసుకొని, తనకు చదవరాని అక్షరాలను పైనుంచి కిందిదాకా చూసింది. వేలితో ఒక్కో వరుసా తడిమింది. కాగితం ఒక్కటే. ఇరవై వరుసలైనా లేవు.

"గింతేనా బాయీ," అంది. "గీ ఒక్క కాయిదానికి నీకు రెండేండ్లు పట్టెనా?"