పిట్ట ముట్టని విస్కీ

పొద్దుటి ఎండలో విస్కీ వాసన వేరు.

చీకటి బారులో, చల్లటి గాజులో, మెత్తటి సోఫాల మధ్య వచ్చే వాసన కాదు. పిట్టగోడ మీద, మోదుగాకు విస్తరి పక్కన, స్టీలు గ్లాసులోంచి వచ్చే వాసన. ఎండ ఎక్కేకొద్దీ అది లేచి, మటన్ కూర వాసనలో కలిసి, మా కార్వాన్ గల్లీ మిద్దెల మీదుగా పోతోంది.

పొగ వాసన. కాలిన మట్టి వాసన. వెనకాల ఎక్కడో ఉప్పు.

అని నాకు తెలుసు. ముక్కుకు మాత్రం ఏమీ తెలియడం లేదు.

నీళ్ల ట్యాంకు మీద కాకి వాలింది. తల పక్కకు వంచి విస్తరిని చూసింది. గ్లాసును చూసింది. మమ్మల్ని చూసింది.

ఎగిరిపోయింది.

అది మూడో రోజు. మా బాపు శివయ్య పోయిన మూడో రోజు.

మా గల్లీలో పిట్టకు మిద్దె మీదే పెడతారు. పోయిన మనిషికి ఏది ఇష్టమో అదే పెడతారు... మటన్, గుడ్డు, బీడీ కట్ట, గ్లాసులో మందు. పిట్ట ముట్టితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు.

మధ్యాహ్నం దాకా చూశాం. "కావ్ కావ్" అని పిలిచీ పిలిచీ మా మేనత్త పుష్పమ్మ గొంతు పోయింది. పావురాలు వచ్చాయి. పావురాలు లెక్కలోకి రావు.

"గిదేంది నగేషు పోసినవ్?" అంది అత్త, గ్లాసులోకి వంగి చూసి. "ఆస్పత్రి వాసనొస్తున్నది."

"మంచిదే అత్తా. పద్దెనిమిదేండ్లు పీపాల ఉంచుతరు."

"మా అన్న గిది తాగెటోడా?"

గ్లాసును విస్తరికి ఇంకాస్త దగ్గరగా జరిపాను.

ఎండ నెత్తికెక్కాక అందరూ తలా ఇంత తిన్నారు. తినక ఏం చేస్తారు? అమ్మ ఒక్కతే తినలేదు.

"ఐదో దినం మల్ల పెడ్తం గద," అంది మెల్లగా. "ఆయన ముట్టినంక నేను ముడ్త."

అమ్మకు షుగర్. పూట తప్పితే చేతులు వణుకుతాయి. ఆ సంగతి అందరికీ తెలుసు. చెప్పి చూశాం. ఆమె చక్కెర లేని చాయ్ తాగి గోడ వైపు తిరిగి పడుకుంది.

*

నా పని విస్కీలకు మాటలు చెప్పడం.

బంజారాహిల్స్‌లో ఒక హోటల్. అక్కడి బారులో నేను ఆరేళ్లుగా ఉన్నాను. పోయడం ఎవరైనా పోస్తారు. పోసేముందు అది ఎట్లా ఉంటుందో చెప్పడం నా పని. వీపు నిటారుగా పెట్టి, ఒక చెయ్యి వెనక్కి పెట్టి చెబుతాను.

స్కాట్లాండ్ దీవులది — పొగ. సముద్రపు గాలి.

ఐర్లాండ్‌ది — మూడుసార్లు కాచినది. నున్నగా జారుతుంది. పచ్చి ఆపిల్.

అమెరికాది — మొక్కజొన్న. లోపల కాల్చిన కొత్త పీపా. పాకం పట్టిన బెల్లం.

వైన్ పీపాలో పెరిగినది — ఎండు ద్రాక్ష. ఖర్జూరం. ముసలి చెక్క.

ఇవన్నీ నోట్లో తిప్పి ఉమ్మేసి నేర్చుకున్నాను. మింగను. మింగితే పని చేయలేం. ప్రపంచంలోని విస్కీలన్నీ నా నాలుక దాకా వచ్చి వెనక్కి పోయినవే.

బాపు పోయిన రోజు నుంచి నాలుక చచ్చింది.

పడుకున్న మనిషి పడుకున్నట్టే పోయాడు. పొద్దున చాయ్ ఇద్దామని అమ్మ లేపితే లేవలేదు. పురానాపూల్ దగ్గర కాల్చి వచ్చాం. వచ్చాక ఎవరో చాయ్ ఇచ్చారు. తాగాను. వేడిగా ఉంది. అంతే... వేడి. చాయ్ లేదు.

ఏడుపూ లేదు. చుట్టాలు నా ముఖం చూసి ఏదో అనుకున్నారు. అనుకోనీ.

నాలుగో రోజు పొద్దున, తలుపేసుకుని, కంపెనీల వాళ్లిచ్చిన చిన్న శాంపిల్ సీసాలు వరసగా పెట్టుకున్నాను. పొగది తాగాను. ఐర్లాండ్‌ది తాగాను. మొక్కజొన్నది. ఎండు ద్రాక్షది. ఈసారి ఉమ్మలేదు, మింగాను.

ఒకటి మండింది. ఇంకోటి మండింది.

నాలుగు సీసాలు. ఒకటే మంట.

*

ఆ పొగది ఎందుకు పెట్టానో నాకు తెలుసు. అత్తకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం. బాపు కూలర్ విప్పుకుని కూర్చున్నాడు. బస్సుల డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి, ఏదో ఒకటి విప్పనిదే తోచదు. నేను బూట్లు తుడుచుకుంటున్నాను.

"నగేషు... నువ్వు చెప్తవ్ సూడు, పొగది. ఒక్క గుక్క తెస్తవా ఎప్పుడన్న?"

"గది నీకు తెల్వది బాపు. గట్ల గుటగుట తాగేది కాదు."

అన్నాను. ఇంతే అన్నాను. కోపంగా కూడా అనలేదు.

బాపు నవ్వాడు. "సరె తియ్యి," అన్నాడు. కూలర్‌లోకి తల పెట్టాడు.

ఆ రోజే తెచ్చి ఉంటే ఒక గుక్క. అంతే కదా... ఒక గుక్క. మనిషి పోయాక రెండో రోజు సాయంత్రం బండి వేసుకుని ఊరంతా తిరిగి నిండు సీసా కొన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. పిట్ట కూడా చూసి పోయింది.

నాకు సిగ్గుగా ఉంది. ఏడుపు రాకపోయినా సిగ్గు వస్తోంది.

"బాపు ఏం తాగెటోడమ్మా?" అని అడిగాను, గోడ వైపు తిరిగి ఉన్న వీపును.

"నాకేం ఎర్క? ఇంట్ల ఎన్నడన్న తాగిండా? బయట తాగి, సోంపు నముల్కుంట వచ్చెటోడు. నాకు సోంపు వాసననే ఎర్క."

నాకూ అంతే. ఇరవై రకాల విస్కీలను కళ్లు మూసుకుని గుర్తుపట్టేవాణ్ణి. మా బాపు తాగింది ఏదో తెలియదు. డీజిల్, సోంపు... అంతవరకే తెలుసు.

*

బాపు పనిచేసిన డిపో పక్కనే వైన్ షాపు. దాని వెనక రేకుల షెడ్డు, కొన్నవాళ్లు కూర్చుని తాగే పర్మిట్ రూము. నాలుగో రోజు మధ్యాహ్నం అక్కడికి పోయాను.

బాలకిషన్ కాక ఒక్కడే ఉన్నాడు. బాపుతో పాటు డిపోలో టైర్లు మార్చినవాడు. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చోబోయి ఆగాను. అది ఎవరిదో చెప్పనక్కర్లేదు.

"కూసో, ఫికర్ లేదు," అన్నాడు. "కుర్సీ ఎవ్వని బాపుది కాదు... నీ బాపుది తప్ప."

కూర్చున్నాను.

"బాపు ఏం తాగెటోడు కాకా?"

"క్వార్టర్."

"ఏ క్వార్టర్?"

"కౌంటర్ల వాడు ఏదిస్తె అది. బ్రాండ్ గిట్ల ఎన్నడు సూడలే."

బయట బస్సు వెనక్కి తీస్తున్నారు. విజిల్ వినిపిస్తోంది. కాక గ్లాసును బల్ల మీద తిప్పాడు.

"గానీ వట్టిగ తాగకపోయెటోడు," అన్నాడు. "గ్లాసు ముంగట వెట్టుకొని నన్ను అడుగుతుండె... ఇయ్యాల ఏది తాగుదాం బాలకిషన్, అని. నేను పొగది అంటె పొగది. బెల్లంది అంటె బెల్లంది. ఇగ షురూ. సముద్రమట, పీపాలట, ద్రాక్షలట. అంతా చెప్పినంకనే గ్లాసు లేపాలె. ముంగట లేపితె లొల్లి చేస్తుండె."

"ఎవరు చెప్తుండె?"

"మీ బాపే. మా కొడుకు గిట్ల చెప్తడు అనుకుంట. ఒక చెయ్యి ఎన్కకు వెట్టుకొని." కాక నవ్వబోయి మానుకున్నాడు. "మడ్డి మందు అది. చక్కెర మిల్లుల మిగిలిన మడ్డి, రంగేసిన స్పిరిట్. ఒక్కటే క్వార్టర్, రోజుకో రుచి. ఆరేండ్లు మమ్ముల దునియా అంత తిప్పిండు, గీ రేకుల కింద కూసొవెట్టి."

బాపుకు ఆ మాటలు ఎక్కడివి?

కొంచెం సేపటికి గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఇంగ్లిష్ అంతంత మాత్రం. రాత్రిళ్లు గదిలో తిరుగుతూ ముందు తెలుగులో అనుకునేవాణ్ణి. పొగ... ఉప్పు... బెల్లప్పాకం... ఎండు ద్రాక్ష. తర్వాత ఇంగ్లిష్‌లో అప్పజెప్పేవాణ్ణి. తలుపు బయట బాపు ఏదో ఒకటి బాగు చేస్తూ కూర్చునేవాడు. ఫ్యాన్ రెగ్యులేటరో, ఇస్త్రీ పెట్టెనో. నెలల తరబడి.

ఆ ఇస్త్రీ పెట్టె బాగానే ఉండేది.

లేచి కౌంటర్ దగ్గరికి పోయాను. ఏదో ఒక క్వార్టర్ సీసా ఇమ్మన్నాను. ఏది అని అడిగాడు కౌంటర్‌లోవాడు. ఏదైనా అన్నాను.

*

ఐదో రోజు.

మళ్లీ మిద్దె. మళ్లీ మోదుగాకు. మళ్లీ మటన్, గుడ్డు, బీడీ కట్ట. స్టీలు గ్లాసులో మడ్డి మందు, ముదురు రంగుది, ఎండలో నూనెలా మెరుస్తోంది.

అమ్మను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాం. మూడు మెట్లకు ఒకసారి ఆగింది. ట్యాంకు నీడలో కూర్చోబెట్టాం. చేతులు వణుకుతున్నాయి. వణుకు కనబడకుండా కొంగులో పెట్టుకుంది.

కాకి వచ్చింది. ట్యాంకు మీద వాలింది. అదే కాకి కావచ్చు, వేరేది కావచ్చు. కాకులకు ముఖాలుంటాయా?

తల వంచింది. చూసింది. దిగలేదు.

అరగంట... గంట.

"గిదే గదా మా అన్న తాగింది?" అంది పుష్పమ్మత్త. "ఇంకేం కావాల్నట?"

బాలకిషన్ కాక పిట్టగోడ దగ్గర నిలబడి బీడీ ముట్టించబోయి, ఆగి, నా వైపు చూశాడు.

"వట్టిగ పోస్తివేంది రా?" అన్నాడు. "వాడు గా మాటలు లేకుంట ఎన్నడు తాగలే. చెప్పు."

"గిప్పుడా కాకా?"

"ఇంకెప్పుడు?"

అందరూ నన్నే చూస్తున్నారు. పక్క మిద్దె మీద బట్టలారేస్తున్న ఆవిడ కూడా ఆగింది. ఆరేళ్లు ముక్కూ మొహం తెలియనివాళ్లకు చెప్పాను. ఒక్కరోజు కూడా తడబడలేదు.

గోడ దగ్గరికి నడిచాను. వీపు నిటారుగా పెట్టాను. ఒక చెయ్యి వెనక్కి పెట్టాను.

"బాపు..." అన్నాను. "గిది పొగది. సముద్రం నడుమ దీవులుంటయి, ఆడ చేస్తరు. మనం వడ్లు ఆరవోసినట్టు బార్లీ ఆరవోస్తరు... కింద మట్టి పెడ్డలు కాలవెడ్తరు. ఆ పొగంత గింజకు పడ్తది. జెర నోట్ల పట్టుకో. జల్ది మింగకు. ముంగట పొగ కొడ్తది. కొడ్తదా? ఆగు... ఎన్కకెల్లి ఉప్పొస్తది. ఆఖర్న, మస్తు ఆఖర్న, కొద్దిగ తీపి."

అతిథులకు చెప్పినట్టే చెప్పాను. అదొక్కటే నాకు వచ్చిన పద్ధతి. నా నోట్లో పొగ లేదు, ఉప్పు లేదు, తీపి లేదు. మాటలు మాత్రం వరసగా వచ్చాయి.



కాకి కదల్లేదు.

"ఏందిరా అది?" అంది అమ్మ వెనక నుంచి. "ఏం చదువుతున్నవ్?"

చెప్పాను. రేకుల షెడ్డు సంగతి, క్వార్టర్ సంగతి, తలుపు బయట ఇస్త్రీ పెట్టె సంగతి. పొగది అడిగితే నేనేమన్నానో అది కూడా చెప్పాను. దాచాలనిపించలేదు. అమ్మ అంతా విన్నది. నన్ను తిడితే బాగుండేది.

కొంగులోంచి చెయ్యి తీసింది. ట్యాంకు పట్టుకుని లేచింది. పిట్టగోడ దాకా వచ్చింది. గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇన్నేళ్ల కాపురంలో ఇది మొదటిసారి.

"వదినె..." అంది అత్త.

అమ్మ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

ముఖమంతా ముడుచుకుపోయింది.

"పొగేడుంది రా? ఉప్పేడుంది?" అంది. "వట్టి చేదు గద."

"అవునమ్మా. చేదే."

"మరి ఆయనకెట్ల తెలుస్తుండె?"

ఆరేళ్లలో మొదటిసారి, ఒక విస్కీ గురించి అడిగితే నా దగ్గర మాట లేదు.

అమ్మ నోరు చప్పరించింది. కొంగుతో నాలుక తుడుచుకుంది. పోలేదు. అటూ ఇటూ చూసింది. ఏం చేస్తోందో తనకే తెలియనట్టు, విస్తరిలోంచి ఒక మటన్ ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది.

"వదినె, పిట్ట ముట్టలే ఇంక."

అమ్మ నములుతోంది. కళ్లు మూసుకుని, మెల్లగా, దవడ నొప్పి పుట్టినట్టు నములుతోంది. గ్లాసులో ఎండ పడుతోంది. ట్యాంకు మీద కాకి తల వంచి చూస్తోంది. మేమెవరం కదల్లేదు.

"చేదు పోతలేదు," అంది అమ్మ.

ఇంకో ముక్క తీసుకుంది.